పాఠకుల ప్రశ్నలు: పార్టీ మనిషి కానివాడికి పార్టీ టికెట్టు దక్కుతుందా?

అమెరికాలో ఒక స్వతంత్ర రాజకీయ నాయకుడు పెద్ద పార్టీ అధ్యక్ష ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నికలో) నిలబడితే గెలిచే వీలుందా అన్న విషయం మీద ఈసారి విశాఖ చుట్టుపక్కల నుంచి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. పిల్లలు డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న ఇళ్లు మన ఊళ్లో వీధికి నాలుగుంటాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: బెర్నీ శాండర్స్ స్వతంత్ర సెనేటర్ అంటారు. మరి 2016లోనూ 2020లోనూ డెమొక్రటిక్ పార్టీ తరఫున ఎలా దిగారు? బీ-ఫారం ఎవరిచ్చారు? (సీతమ్మధార)

అక్కడ బీ-ఫారమే లేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాది తేలిక.

మన దగ్గర లోక్‌సభకి నిలబడే మనిషి నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా పార్టీ ఇచ్చిన ఏ-ఫారం, బీ-ఫారం మహారాణిపేట కలెక్టరేట్‌లో రిటర్నింగ్ అధికారికి అందేలా చూసుకోవాలి. అందకపోతే ముప్పయ్యేళ్లు జెండా మోసినవాడైనా ఇండిపెండెంటు కిందే లెక్క. అప్పుడు నామినేషన్ మీద ఆ నియోజకవర్గం ఓటర్లు 10 మంది ప్రతిపాదకులుగా సంతకం చేసి ఉండాలి. పార్టీ టికెట్టు వస్తుందన్న ధీమాతో ఒక్క సంతకంతోనే కాగితం ఇచ్చినవాళ్లు పరిశీలన రోజున బయటికి రావడం మామూలే.

అమెరికాలో టికెట్టు అధిష్ఠానం చేతిలో ఉండదు. ప్రైమరీలో ఓటేసే జనం డెలిగేట్లను గెలిపిస్తే, ఆ డెలిగేట్లు మహాసభలో అభ్యర్థిని ఖాయం చేస్తారు. కాబట్టి పార్టీ పెద్దలకి నచ్చని మనిషైనా బ్యాలెట్ మీదికి రావచ్చు.

శాండర్స్ సంగతి ఇంకాస్త చిత్రం. 1981లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కి 10 ఓట్ల తేడాతో మేయరుగా గెలిచినప్పుడే ఆయన ఇండిపెండెంటు. 2006లోనూ 2018లోనూ అక్కడి సెనేట్ ఎన్నికకి డెమొక్రటిక్ ప్రైమరీలో దిగి గెలిచారు, ఆ టికెట్టు వద్దని, ఇండిపెండెంటుగా నిలబడ్డారు. దాంతో ఎదురుగా డెమొక్రాట్ లేడు, ఓటు చీలలేదు. సెనేట్‌లో కూర్చునేది మాత్రం డెమొక్రాట్ల వైపే. 2021 నుంచి 2023 దాకా బడ్జెట్ కమిటీ అధ్యక్షుడు కూడా ఆయనే. గోడ మీద పిల్లి అనేవాళ్లు అంటారు గానీ, మా లెక్కలో ఇది రెండు వైపులా తెలిసి చేసుకున్న ఒప్పందం.

ప్రశ్న: అయితే ఎవరైనా వెళ్లి కాగితం పడేయొచ్చా? ఏమేం దాఖలు చెయ్యాలి? (ఎం.వి.పి. కాలనీ)

ముందు రాజ్యాంగం అడిగేవి మూడు: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం. ప్రచారానికి 5,000 డాలర్లు దాటి వసూలు చేసినా ఖర్చు పెట్టినా ఫెడరల్ ఎన్నికల కమిషన్ దృష్టిలో అభ్యర్థి అయినట్టే. అప్పటి నుంచి 15 రోజుల్లో ఫారం-2 వెయ్యాలి. అందులో పేర్కొన్న ప్రచార కమిటీ మరో 10 రోజుల్లో ఫారం-1 వెయ్యాలి. ఇది దేశం మొత్తానికి ఒకసారి చేసే పని.

అసలు తలనొప్పి ఆ తరవాత మొదలవుతుంది. బ్యాలెట్ మీద పేరు కోసం ఒక్కో రాష్ట్రానికి ఒక్కో దారి. న్యూహాంప్‌షైర్‌లో రాజధాని కాంకర్డ్ వెళ్లి ఒక ప్రకటన మీద సంతకం పెట్టి 1,000 డాలర్లు కడితే సరి. ఇండియానాలో 4,500 సంతకాలు కావాలి, అవీ 9 కాంగ్రెస్ జిల్లాల్లో (మన లోక్‌సభ నియోజకవర్గాల్లాంటివి) ఒక్కోదాని నుంచి 500 చొప్పున. వర్జీనియాలో 2012లో 10,000 సంతకాలు అడిగేవారు, ప్రతి జిల్లా నుంచి కనీసం 400. ఆ ఏడాది రిపబ్లికన్లలో రామ్నీ, రాన్ పాల్ ఇద్దరే గట్టెక్కారు. అప్పట్లో వర్జీనియాలోనే కాపురమున్న గింగ్రిచ్ పేరు బ్యాలెట్ మీదికి రాలేదు. ఇప్పుడా సంఖ్య 5,000కీ, జిల్లాకి 200కీ తగ్గింది. అడిగినన్ని సంతకాలే, ఒక్కటీ ఎక్కువ లేకుండా తేవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వేరే జిల్లా వాళ్లవి, ఓటరు జాబితాలో లేనివాళ్లవి కొట్టేస్తారు కాబట్టి, అవసరానికి ఒకటిన్నర రెట్లు చేతిలో ఉంటేనే నిద్ర పడుతుంది.

ఇండిపెండెంటుకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. న్యూహాంప్‌షైర్ ప్రకటనలో ‘నేను ఫలానా పార్టీలో నమోదైన సభ్యుణ్ని’ అని రాసి ఉంటుంది. వెర్మాంట్‌లో అసలు పార్టీవారీగా ఓటరు నమోదే లేదు. 2015లో శాండర్స్ మీద దీన్ని పట్టుకునే అభ్యంతరం పెట్టారు. లేని నమోదు ఎక్కణ్నుంచి తెస్తారని, అది నిలవలేదు. ఆ ముడి విప్పడానికే కావచ్చు, డెమొక్రటిక్ పార్టీ 2018లో కొత్త నిబంధన పెట్టింది: అధ్యక్ష అభ్యర్థి తాను డెమొక్రాట్‌నని, గెలిస్తే డెమొక్రాట్‌గానే పాలిస్తానని రాతపూర్వకంగా ఇవ్వాలి. 2019 మార్చిలో శాండర్స్ ఆ కాగితం మీద సంతకం పెట్టారు. ఇంచుమించు అదే సమయంలో 2024 సెనేట్ ఎన్నికకి ఇండిపెండెంటుగా కాగితాలు వేశారు. చట్టంలో దానికి అడ్డేమీ లేదు. ప్రత్యర్థుల ప్రచారానికి మాత్రం మంచి సరుకు దొరికింది.

ప్రశ్న: 2016లో 22 రాష్ట్రాలు గెలిచారు. న్యూహాంప్‌షైర్‌లో 60 శాతం ఓట్లు. అయినా ఓడిపోయారంటే సూపర్ డెలిగేట్ల మోసమేనా? (గాజువాక)

సూపర్ డెలిగేట్లంటే ప్రైమరీలో గెలవకుండానే, హోదా వల్ల మహాసభలో ఓటుండే పార్టీ పెద్దలు. చాలామంది ఇదే నమ్ముతారు. లెక్క వేరుగా చెబుతుంది. 2016లో ప్రైమరీల ద్వారా గెలుచుకోవలసిన డెలిగేట్లు 4,051. అందులో సగం దాటాలంటే 2,026. హిల్లరీ క్లింటన్‌కి వచ్చినవి 2,205, శాండర్స్‌కి 1,846. సుమారు 700 మంది సూపర్ డెలిగేట్లను పూర్తిగా తీసి పక్కన పెట్టినా ఫలితం మారదు. టీవీలవాళ్లు మొదటి రోజు నుంచీ వాళ్లను కలిపి అంకెలు చూపించడం వల్ల పోటీ ముగిసినట్టు కనిపించిన మాట నిజం, ఆ ఫిర్యాదులో న్యాయముంది. అందుకే 2018లో వాళ్లకి మొదటి రౌండ్ ఓటు తీసేశారు. ఇప్పుడు ఎవరికీ మెజారిటీ రాక రెండో రౌండ్ జరిగితేనే వాళ్ల మాట చెల్లుతుంది.

దెబ్బ తగిలింది దామాషా దగ్గర. డెమొక్రాట్లలో ఏ రాష్ట్రంలోనూ గెలిచినవాడికి అన్నీ రావు. 15 శాతం గీత అందుకున్న అందరూ పంచుకుంటారు. ఈ గీతని మన డిపాజిట్ లెక్కతో పోల్చుకోండి. ఇక్కడ పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే లోక్‌సభకి 25,000 రూపాయలు పోతాయి, అంతే. అక్కడ 15 శాతం రాకపోతే ఆ ఓట్ల విలువే సున్నా. దాన్ని రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ప్రతి కాంగ్రెస్ జిల్లాకి విడిగా ఒకసారి చూస్తారు.

కాగితం మీద వేసి చూద్దాం. ఒక జిల్లాకి 6 డెలిగేట్లు. నలుగురికి వరసగా 40, 31, 15, 14 శాతం వచ్చాయి. నాలుగోవాడు గీత కింద ఆగాడు, వెళ్లిపోయాడు. మిగిలినవి 86. మొదటివాడి వాటా 40ని 86తో భాగించి 6తో గుణిస్తే 2.79. రెండోవాడిది 2.16, మూడోవాడిది 1.05. పూర్ణాంకాల ప్రకారం 2, 2, 1 ఇస్తే ఇంకొకటి మిగులుతుంది. భిన్నం ఎక్కువున్న మొదటివాడికే అది. చివరికి 3, 2, 1.

ఇప్పుడు ఇద్దరే ఉన్న పోటీలో 4 డెలిగేట్ల జిల్లా తీసుకోండి. ఒకరికి 60, ఇంకొకరికి 40 శాతం. వాటాలు 2.4, 1.6. ఫలితం 2-2! అంత తేడాతో గెలిచి సమానం. మూడు కావాలంటే 62.5 శాతం దాటాలి. అదే 5 డెలిగేట్ల జిల్లాలో 51 శాతానికే 3-2. సభ ఏ జిల్లాలో పెట్టాలో, ఎక్కడ పెట్టినా దండగో ప్రచార కార్యాలయంలో నిర్ణయించేది ఈ లెక్కే. మన మధురవాడలో ఏ వార్డుకి ఎన్ని ఆటోలు పంపాలో బూత్ ఇన్‌ఛార్జి చూసుకున్నట్టే ఇదీ.

దామాషాలో రాష్ట్రాల సంఖ్యకి విలువ లేదు, తేడాకే విలువ. న్యూహాంప్‌షైర్‌లో శాండర్స్ 15-9తో 6 డెలిగేట్లు పైకి వచ్చారు. పద్దెనిమిది రోజుల తరవాత సౌత్ కరొలైనాలో 14-39తో 25 కిందికి దిగారు. మార్చి 8న మిషిగన్ గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరిస్తే వచ్చిన లాభం 4. అదే రాత్రి మిసిసిపీలో పోయింది దానికి ఆరు రెట్ల పైమాట. టెక్సస్ 75-147, జార్జియా 29-73. దక్షిణాదిలో డెమొక్రటిక్ ప్రైమరీకి వచ్చే నల్లజాతి ఓటర్లు, అందులోనూ వయసు మళ్లినవాళ్లు, దశాబ్దాలుగా ఆ పార్టీని ఇంటిమనిషిలా చూసుకున్నవాళ్లు. సౌత్ కరొలైనాలో వాళ్లలో పదిమందికి ఎనిమిది మంది పైనే క్లింటన్‌కి వేశారు. ‘నేను పార్టీ మనిషిని కాను’ అన్న మాట న్యూహాంప్‌షైర్‌లో యువకుడికి ఎంత ఇంపుగా ఉంటుందో, సౌత్ కరొలైనా రాజధాని కొలంబియాలో చర్చికి వెళ్లే పెద్దావిడకి అంత కటువుగా ఉంటుంది. మా అభిప్రాయంలో ఇండిపెండెంటుకి అసలు గోడ ఇదే. నిబంధనల పుస్తకం కాదు.

ఇంకొక్క సంగతి. కొన్ని రాష్ట్రాల్లో ప్రైమరీకి బదులు పార్టీ వాళ్లు ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సమావేశాలు, అంటే కాకస్‌లు, శాండర్స్‌కి కలిసొచ్చాయి. సాయంత్రం గంటల తరబడి కూర్చునే ఓపిక పట్టుదలున్న కార్యకర్తలకే ఉంటుంది కదా. 2016 వాషింగ్టన్ కాకస్‌లో 73 శాతం దాకా వచ్చింది. రెండు నెలల తరవాత అక్కడే, డెలిగేట్లతో సంబంధం లేని ప్రైమరీకి అంతకంటే ఎంతో ఎక్కువమంది వస్తే క్లింటన్ గెలిచారు. 2020కి ఆ రాష్ట్రం కాకస్ మానేసి ప్రైమరీకి మారింది. బైడెన్ స్వల్ప తేడాతో గెలిచారు.

ప్రశ్న: 2020లో మొదట అంత ముందున్న మనిషి పది రోజుల్లో ఎలా కూలిపోయారు? (గోపాలపట్నం)

వ్యతిరేక ఓటు చీలినంతసేపే ఆ ముందంజ. న్యూహాంప్‌షైర్‌లో 25.6 శాతంతోనే మొదటి స్థానం. అంటే నలుగురిలో ముగ్గురు ఇంకెవరికో వేశారు. ఫిబ్రవరి 29న సౌత్ కరొలైనాలో బైడెన్ 48 శాతం పైగా తెచ్చుకోగానే, పోటీలో ఉన్నవాళ్లలో మర్నాడు బుటిజెజ్, ఆ మర్నాడు క్లోబుషార్ తప్పుకొని బైడెన్ పక్కకి చేరారు. మార్చి 3న 14 రాష్ట్రాలు ఓటేస్తే 10 బైడెన్‌వి. ఏప్రిల్ 8న శాండర్స్ ఆగిపోయారు. పొత్తు ధర్మం ఎలా పనిచేస్తుందో ఆంధ్రా పాఠకులకి మేం విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి కిందటేడు పౌరసత్వం వచ్చింది. ఏ పార్టీలోనూ చేరను, ఇండిపెండెంటుగా నమోదవుతాను అంటోంది. ప్రైమరీలో ఓటుంటుందా? (మధురవాడ)

ఏ రాష్ట్రమో రాయలేదు మీరు. మనవాళ్లు ఎక్కువున్నవి చెబుతాం.

టెక్సస్ అయితే బెంగ లేదు. అక్కడ పార్టీవారీ నమోదే లేదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగితే ఇస్తారు. మిషిగన్, వర్జీనియా, జార్జియా కూడా ఇంచుమించు ఇదే. న్యూజెర్సీలో ఏ పార్టీకీ చెందనివాళ్లు పోలింగ్ కేంద్రంలోనే పార్టీ చెప్పి ఓటెయ్యొచ్చు. అప్పటికే ఒక పార్టీలో ఉండి ఇంకోదానికి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే మారాలి.

న్యూయార్క్‌తో జాగ్రత్త. అది మూసిన తలుపు: డెమొక్రాట్‌గా నమోదైనవాళ్లకే డెమొక్రటిక్ ప్రైమరీ. 2016లో ఏప్రిల్ 19న పోలింగ్ అయితే, నమోదైన ఓటరు పార్టీ మార్చుకునే గడువు 2015 అక్టోబరు 9నే ముగిసింది. శాండర్స్ పేరు కూడా వినని రోజుల్లో గడువు దాటిపోయిందని, పోలింగ్ రోజున వెనక్కి తిరిగిన అభిమానులు ఎందరో. 2019లో చట్టం మార్చి ఆ గడువుని ఫిబ్రవరి 14కి తెచ్చారు. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా కూడా మూసిన తలుపులే.

కాలిఫోర్నియాలో రెండు గోతులున్నాయి. నమోదు ఫారంలో ‘ఏ పార్టీ వద్దు’ అన్న గడి ఒకటి, ‘అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ’ అన్న గడి ఇంకొకటి. రెండోది నిజంగానే ఒక పార్టీ, అదీ 1968 అధ్యక్ష ఎన్నికలో నిలబడ్డ జార్జ్ వాలెస్ కోసం పుట్టింది. ‘ఇండిపెండెంట్’ అన్న మాట చూసి అందులో టిక్కు పెట్టినవాళ్లు వేలకి వేలున్నారు, వాళ్లకి డెమొక్రటిక్ బ్యాలెట్ దొరకదు. రెండో గొయ్యి పోస్టులో ఓటేసేవాళ్లకి. ఏ పార్టీ వద్దన్నవాళ్ల ఇంటికొచ్చే కవరులో అధ్యక్ష పోటీ భాగం అసలుండదు. డెమొక్రటిక్ బ్యాలెట్ కావాలని ముందుగా కౌంటీకి రాసి తెప్పించుకోవాలి.

తేడా తెలియకపోతే ప్రైమరీకి ముందు పార్టీలో నమోదై, అయ్యాక బయటికి రావడం తేలిక. చందా కట్టాల్సిన సభ్యత్వం కాదది, ఓటరు కార్డులో ఒక గడి మాత్రమే.

ప్రశ్న: మావాడు హెచ్-1బి మీద ఉన్నాడు. శాండర్స్ లాంటి వాళ్లకి 27 డాలర్లు పంపితే తప్పా? (అక్కయ్యపాలెం)

తప్పే. గ్రీన్ కార్డు లేని విదేశీయులు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. గ్రీన్ కార్డుంటే ఇవ్వొచ్చు, ఓటు మాత్రం లేదు. పౌరసత్వమున్న స్నేహితుడి కార్డు మీద మీవాడు కట్టడం కూడా నేరమే, ఒకరి పేరున ఇంకొకరు ఇచ్చినట్టవుతుంది. జీతం తీసుకోకుండా ఫోన్లు చెయ్యడం, కరపత్రాలు పంచడం చెయ్యొచ్చు, ప్రచార నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు.

అడగని మాట ఒకటి చెబుతాం. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ‘ఓటరుగా నమోదు చేసుకుంటారా’ అని అలవాటుగా అడుగుతారు. చూసుకోకుండా అవునని సంతకం పెడితే, పౌరుణ్నని అబద్ధం చెప్పిన కేసవుతుంది. దేశం నుంచి పంపించేదాకా పోతుంది అది.

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ని. రిటైరై భీమిలిలో స్థిరపడ్డాను. నాకు ప్రైమరీ ఓటు ఎలా? (భీమిలి)

మీకు రెండు దారులు, ఒకదాన్నే ఎంచుకోవాలి. ఒకటి, చివరిగా ఉన్న రాష్ట్రం ప్రైమరీ. ఏటా జనవరిలో ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు నింపి, సిరాతో సంతకం పెట్టి ఆ కౌంటీకి పంపండి. ఈమెయిల్లో బ్యాలెట్ కావాలని గడి టిక్కు పెడితే పోలింగ్‌కి 45 రోజుల ముందే వస్తుంది. కిందటి ఎన్నికకి పంపాను కదా అని ఊరుకుంటే రాదు. రెండోది డెమొక్రాట్స్ అబ్రాడ్ సంస్థలో చేరి వాళ్ల ప్రపంచ ప్రైమరీలో వెయ్యడం. దానికి ఒక రాష్ట్రంలాగే 13 డెలిగేట్లు కేటాయించారు. శాండర్స్ 2016లోనూ 2020లోనూ అందులో 9 గెలిచారు. ఈ రెండో దారిలో వెళ్లినా నవంబరు ఓటుకి పోస్ట్‌కార్డ్ దరఖాస్తు విడిగా పంపాల్సిందే.

ప్రశ్న: బయటి మనిషికి రిపబ్లికన్ పార్టీ సులువా, డెమొక్రటిక్ పార్టీ సులువా? (పెందుర్తి)

రిపబ్లికన్ పార్టీయే. 2016 సౌత్ కరొలైనాలో ట్రంప్‌కి వచ్చింది 32.5 శాతం, డెలిగేట్లు మాత్రం 50కి 50. ఫ్లోరిడాలో 46 శాతానికే మొత్తం 99. ప్రత్యర్థులు పోటీలో ఉన్నంతసేపు మూడో వంతు ఓటుతో బండి నడిచింది. అదే మూడో వంతు డెమొక్రాట్ల దామాషాలో అయితే మూడో వంతు డెలిగేట్లు, అంతే. ట్రంప్ కూడా 2001 నుంచి 2009 దాకా డెమొక్రాట్‌గా నమోదైన మనిషేనని మర్చిపోకండి.

డబ్బుంటే చాలనుకునేవాళ్లకి న్యూయార్క్ మాజీ మేయరు, కుబేరుడు బ్లూమ్‌బర్గ్ కథ. డెమొక్రాట్, రిపబ్లికన్, ఇండిపెండెంటు, మళ్లీ 2018లో డెమొక్రాట్. 2020లో సుమారు 100 కోట్ల డాలర్లు పోసి గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటి.

ప్రశ్న: ప్రైమరీలో ఓడితే రెబల్‌గా నిలబడొచ్చు కదా? (ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి)

చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవాడి పేరు ఆ ఏడాది నవంబరు బ్యాలెట్ మీద వెయ్యరు. అన్నిచోట్లా కాదు. 2006లో కనెటికట్‌లో లీబర్‌మన్ సెనేట్ ప్రైమరీ ఓడి, వేరే గుర్తింపుతో నిలబడి గెలిచారు. అధ్యక్ష పదవికి ఆ ఆట సాగదు. 1992లో రాస్ పెరో ఏ ప్రైమరీకీ వెళ్లకుండా నేరుగా నిలబడి 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నారు, అధ్యక్షుణ్ని చివరికి తేల్చే ఎలక్టోరల్ ఓటు (రాష్ట్రాలవారీగా దక్కేది) ఒక్కటీ రాలేదు. ఇండిపెండెంటు ప్రైమరీ తలుపు తట్టేది అందుకే.

ప్రశ్న: శాండర్స్ మన పార్లమెంటులో ఉండి ఉంటే? (అనకాపల్లి)

పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల చట్టం) కింద సీటు పోయేది, ఆయన పార్టీలో చేరితే. స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు తరవాత ఏ పార్టీలో చేరినా అనర్హుడే. బయటి నుంచి మద్దతు ఇవ్వొచ్చు, మంత్రి కూడా కావచ్చు. ‘నేను ఫలానా పార్టీ మనిషిని’ అని రాసిచ్చిన ఆ 2019 కాగితమే ఇక్కడైతే స్పీకరు ముందుకి వెళ్లేది. ఆ చట్టం 1985లో వచ్చింది. దానికి ముందు విశాఖ స్వతంత్రుల్ని లోక్‌సభకి పంపిన ఊరే: 1952లో లంకా సుందరం, 1967లో తెన్నేటి విశ్వనాథం.

ప్రశ్న: 2028లో ఇండిపెండెంటు ఎవరైనా దిగితే అవకాశం ఉందో లేదో ముందే ఎలా పసిగట్టాలి? (ద్వారకానగర్)

సభలకి వచ్చే జనాన్ని చూడకండి, 2016లో జనానికి కొదవ లేదు. ముందు చూడాల్సింది మొదట ఏ రాష్ట్రం ఓటేస్తుందన్నది. 2024లో డెమొక్రాట్లు సౌత్ కరొలైనాని ముందుకి జరిపారు. అదే వరస ఉంటే బయటి మనిషికి ఊపు రాకముందే దెబ్బ తగులుతుంది. తరవాత సర్వేల్లో మొత్తం అంకె వదిలి, 50 ఏళ్లు దాటిన, డెమొక్రాట్లుగా నమోదైన ఓటర్ల వరస చూడండి. అక్కడ 35 శాతం కూడా లేకపోతే ఇండిపెండెంట్లలో 70 తెచ్చుకున్నా చాలదు. డిబేట్లకి పెట్టే అర్హత మాత్రం వీళ్లకి సమస్య కాదు. 2019లో మొదటి డిబేట్‌కి 65,000 మంది చందాదారులు ఉన్నా సరిపోయేది, చిన్న చందాలే వీళ్ల బలం కాబట్టి.

ప్రశ్న: కాంకర్డ్‌లో కట్టే 1,000 డాలర్లు, ఓట్లు బాగా వస్తే తిరిగిస్తారా? (కంచరపాలెం)

ఇవ్వరు. అది ఫీజు, డిపాజిట్ కాదు.